లైను ముందు ముగ్గు

కూర్పు 1
మార్చినది: వరహాలమ్మ
కారణం: ప్రెసిడెంటు గారి శిక్ష

ఇందుమూలంగా మా లంకలోని పిల్లలకూ, పెద్దలకూ, బాతులకూ, లంకల బోర్డు వారికీ తెలియజేయునది ఏమనగా: నేటి నుండి అమరిక ఫైలులో సమానం గుర్తుకు ముందొక ఖాళీ, వెనకొక ఖాళీ విధిగా వదలవలెను. ఒక పక్కనే వదిలిన వారిని ఒంటి చెవికి దుద్దు పెట్టుకున్న వారిగా పరిగణించి నవ్వబడును. అసలే వదలని వారి గుమ్మం ముందు నుంచి నా ఎండు చేపల బుట్ట అదనంగా తిరుగును. ఖాళీ వదిలినా వదలకపోయినా మిషనుకు ఒకటేనని కొందరు పుకారు పుట్టిస్తున్నారు. అది నిజమే. అయినా వదలవలెను.

ఇట్లు, అమరిక ఫైలు రాసే విధానముల గ్రంథకర్త్రి, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన వరహాలమ్మ.

గంభీరంగా మొదలుపెట్టమన్నారు, పెట్టాను. ఇక నా మామూలు నోటితో రాస్తాను.

పాత లంకలు సముద్రం కిందకు పోయాక మా తాతలు ఇనప పడవల మీద ఇళ్ళు కట్టి, వాటిని గుండ్రంగా గొలుసులతో కలిపి, దీనికీ లంక అనే పేరు పెట్టారు. ఇక్కడ ప్రతి పనీ అమరిక ఫైలు చెప్పినట్టే జరుగుతుంది. పొద్దుటి బాకా ఏ గొంతుతో మోగాలి, కుళాయి ఎప్పుడు వదలాలి, ఇంటి పక్కనుండే తెడ్డు మోటారు ఎటు తిప్పాలి, అన్నీ అందులో లైన్లే. ఎవరు ఏ లైను మార్చినా పాతది పోదు. పాతర అనే సాఫ్టువేరు దాన్ని దాచి, మార్చిన వారి పేరూ కారణమూ పక్కన రాసుకుంటుంది. కావాలంటే తవ్వి తీసుకోవచ్చు.

అంతా బాగానే ఉంది కానీ, మార్చింది ఎవరో పాతరకు ఎలా తెలుస్తుంది? మన ఇంటి ఫైల్లో ‘పేరు’ అని ఒక లైను ఉంటుంది. అందులో ఏం రాస్తే అదే మన పేరు! తలుపులు ఇంత బార్లా తీసి పెడితే నాలాంటి మనిషి లోపలికి వెళ్ళకుండా ఎలా ఉంటుంది?

‘పేరు = ప్రెసిడెంటు తాతాజీ’ అని రాసుకున్నాను. పొద్దుటి బాకాకు గేదె అరుపు పెట్టాను. కారణం అన్నచోట ‘నా గొంతు ఊరంతా వినాలని’ అని రాశాను. లంకంతా ప్రెసిడెంటు గారిని మెచ్చుకుంది. ఆయన కూడా కొంచెం మెచ్చుకున్నట్టే ఉన్నారు. ఈలోగా మా వదిన మంగతాయారు వెళ్ళి నా పేరు చెప్పింది. మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయినా నా మీద నిఘా పోలేదు. ఆవిడ ఇంటి పడవా, నా చేపల పడవా ఒకే గొలుసుకు పక్కపక్కనే ఉంటాయి.

“ఈ ఫైలు లోతు నీకు బాగా తెలుసు కదా వరహాలమ్మా,” అన్నారు ప్రెసిడెంటు గారు. “ఏ లైను ఎలా రాయాలో, రాస్తే ఏమౌద్దో, మొత్తం పుస్తకంగా రాసి పాతరలో పెట్టు. పనెంత వరకొచ్చిందో ఎప్పటికప్పుడు ఆ పక్కనే రాయి.”

“నాకు చదువెక్కడుందండీ?”

“గేదెను అరిపించడానికి ఉన్న చదువు చాల్లే.”


కూర్పు 3
మార్చినది: వరహాలమ్మ
కారణం: మొదటి అధ్యాయం పూర్తి, చేపలు తిరగెయ్యాలి

చేపల పందిరి కింద కూర్చుని రాస్తున్నాను. పైన నెత్తళ్ళు ఎండుతున్నాయి. రాతకు పనికొచ్చే చోటు కాదు కానీ పిల్లులు మంచి శ్రోతలు.

ఇంతవరకు రాసింది ఇది. లైను అంటే ఎడమ పక్కన ఒక పేరు, సమానం, కుడి పక్కన దాని విలువ. ఒక జాతి లైన్లన్నిటినీ ఒక గుంపు చేసి, ఆ గుంపు పేరు పైన పెట్టె గుర్తుల మధ్య రాయాలి, ఇంటికి పేరు పలక తగిలించినట్టు. ఫైళ్ళు రెండు. లంక ఫైలు ఊరందరిదీ, ఇంటి ఫైలు ఎవరిది వారిదే. మిషను ముందు లంక ఫైలు చదువుతుంది, తరువాత ఇంటి ఫైలు. ఒకే సంగతి రెండింటిలోనూ ఉంటే చివర చదివిందే నిలుస్తుంది. అంటే ఇంటి మాటే నెగ్గుతుంది.

ఇది విని ప్రెసిడెంటు గారు ఒప్పుకోలేదు. “పెద్దోళ్ళ మాట ముందొచ్చింది కదా, అదే కదా నిలబడాలి?”

“మిషను మా ఇంట్లో పెరగలేదండీ, దానికి మర్యాద తెలీదు.”

నియమం చెప్పాక ఉదాహరణ ఉండాలి కదా. ఏదో ఒకటి రాద్దామని రాశాను:

[ఇల్లు]
ముఖం = తూర్పు

బాగా కుదిరింది. పిల్లులు కూడా ఒప్పుకున్నాయి.


కూర్పు 4
మార్చినది: వరహాలమ్మ
కారణం: ఉదాహరణ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు

రాసేవాళ్ళందరికీ చెబుతున్నాను, నా అనుభవం వినండి. పుస్తకం ఎవరూ చదవరు. ఉదాహరణ ఒక్కటే కాపీ కొడతారు.

మొదట కొట్టింది మా వదినే. కుళాయి దగ్గర బిందె పెట్టి, లంకంతా వినేలా అంది: “మా గుమ్మం ఇన్నాళ్ళూ పడమరే చూత్తంది. అందుకే నాకీ మోకాళ్ళ నొప్పులు. పుస్తకంలో పడింది, ముఖం తూర్పుకి పెట్టుకోవచ్చంట. నేను పెట్టేశాను.”

“అది ఉదాహరణ వదినా.”

“ఉదాహరణ అంటే మంచిదనే కదే? చెడ్డదైతే ఎందుకు రాత్తావ్?”

సాయంత్రానికి గుమ్మం ఉన్న ప్రతి ఇంటి ఫైల్లోనూ ఆ లైను చేరింది. గుమ్మమూ, సొంతదారూ లేని బాతుల గూటికి కూడా ఎవరో పెట్టారు.


కూర్పు 7
మార్చినది: వరహాలమ్మ
కారణం: లంక తిరుగుతోంది, అక్షరాలు కూడా

ముఖం లైను చూసి ఇంటిని తిప్పేది తెడ్డు మోటారే. అవన్నీ ఒకే వైపు నెడతాయి, కుడికి. ఇళ్ళేమో గుండ్రంగా కట్టి ఉన్నాయి. ఒకరి గుమ్మం తూర్పుకు వచ్చి వారి మోటారు ఆగేసరికి, పక్కవారికి తూర్పు ఇంకా రాలేదు, వారి మోటారు నెడుతుంది. వారికి వచ్చేసరికి వీరికి పోతుంది. వీరిది మళ్ళీ మొదలు. లంక మొత్తం రంగులరాట్నంలా బయలుదేరింది!

కాఫీ మొదటి గుక్కకు ఎండ మొహం మీద, ఆఖరి గుక్కకు వీపు మీద. ప్రెసిడెంటు గారు సూర్యుడికి దండం తూర్పున మొదలుపెట్టి, కళ్ళు తెరిచేసరికి నా చేపల పందిరికి పెడుతున్నారు. దీవించాను. మధ్యాహ్నం కునుకులో తల ఉత్తరానికి తిరుగుతోందని మా వదిన మంచం కాళ్ళకు చక్రాలు బిగించింది. ఇప్పుడు లంక ఒక పక్కకూ మంచం ఒక పక్కకూ తిరుగుతున్నాయి. బాతులు ఇదేదో తిరునాళ్ళనుకుని మా వెనకే వరస కట్టి ఈదుతున్నాయి.

నెత్తళ్ళు మాత్రం నా జన్మలో ఇంత బాగా ఎండలేదు. అన్ని వైపులా ఒకేలా, బంగారంలా.

ప్రెసిడెంటు గారు లంక ఫైల్లో ‘ముఖం = ఎటూ వద్దు’ అని రాశారు. ఇంటి ఫైళ్ళు దాన్ని తొక్కుకుంటూ పోయాయి. పాతర తవ్వి పాత కూర్పులు బయటికి తీసి, ఎవరింటి ఫైల్లో వారి చేతే పెట్టించారు. కాఫీలు అయ్యేలోపు అందరూ మళ్ళీ తూర్పు రాసుకున్నారు. చివరికి నా దగ్గరికే వచ్చారు, గోడ పట్టుకుని.

“ఇది కూడా నీ పనేనా?”

“కాదండీ బాబూ. ఇది వాళ్ళంతట వాళ్ళే చేసుకున్నారు. నేను చేసుంటే ఇంకా బాగుండేది.”


కూర్పు 11
మార్చినది: వరహాలమ్మ
కారణం: బోర్డు పడవ వచ్చింది

నవ్వులు కొంచెం తగ్గాయి.

మా లంకకు మంచినీళ్ళు ఒడ్డు నుంచి సముద్రం అడుగున గొట్టంలో వస్తాయి. ఆ గొట్టం లంగరు గొలుసు పక్క నుంచి పైకి వస్తుంది. మేము తిరిగిన కొద్దీ అది గొలుసుకు జడలా అల్లుకుంటోంది. కుళాయిలో ధార సన్నబడింది. ఈ రోజు బోర్డు నుంచి నస్రీన్ అనే ఇంజనీరు వచ్చి, నీళ్ళలోకి దిగి చూసి, జుట్టు పిండుకుంటూ చెప్పింది.

“పున్నమి పోటుకు ఈ మెలిక తట్టుకోదండీ. గొట్టం తెగితే మీ ఒక్కరికే కాదు, మీ తరువాతి రెండు లంకలకూ నీళ్ళుండవు. ఆ లోపు తిరగడం ఆగాలి. ఫైలు ఎలా పనిచేస్తుందో రాసిన పుస్తకం నాకు చూపించాలి, ప్రతి మాటా నేను పరీక్ష చేస్తాను. లేకపోతే బోర్డు గొలుసులు విప్పేస్తుంది. ఒక్కో ఇంటిని ఒక్కో లంకకు పంపేస్తుంది.”

“మీరే ఆ తూర్పు లైన్లు తీసెయ్యొచ్చు కదమ్మా?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“ఇంటి ఫైలు ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోలేరండీ. తుఫాను వస్తే ఎవరి ఇంటిని వాళ్ళు తప్పించుకోవాలని మీ తాతలే అలా కట్టారు. మంచి ఏర్పాటు అది. దాన్ని పగలగొట్టను.”

ఏ ఇల్లు ఎక్కడికి వెళుతుందో కూడా చదివింది. నా చేపల పడవ ఉత్తరాన చిట్టచివరి లంకకు. మా వదిన ఇల్లు దక్షిణాన చిట్టచివరి లంకకు. మధ్యలో ఇంత సముద్రం.

అది విని మా వదిన కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఓదార్చాను.


కూర్పు 14
మార్చినది: వరహాలమ్మ
కారణం: ఎవరూ వినలేదు, ఆలోచన వచ్చింది

నస్రీన్‌ని తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. పాపం చక్కగా చెప్పింది, బొమ్మ గీసి మరీ. అందరూ తలలూపారు, కాఫీ ఇచ్చారు. లైను తీసెయ్యమనేసరికి మొహాలు మారాయి.

“మిగతావాళ్ళవన్నీ తీయించండమ్మా, మాదొక్కటీ ఉంటే ఏటౌద్ది?”

ప్రతి గుమ్మంలోనూ ఇదే మాట. ప్రెసిడెంటు గారి గుమ్మంలో కూడా.

“మీరైనా తియ్యండి,” అన్నాను ఆయనతో.

“నేను తీసేవాణ్ణే. మా ఆవిడ ఒప్పుకోదు. ఎప్పుడూ దక్షిణం గుమ్మమే కదా అని పెళ్ళయిన కాణ్ణించీ సాధిస్తంది.”

తిరిగి తిరిగి నస్రీన్ బోర్డు పడవ దగ్గర చతికిలబడింది. ఇంకో కాఫీ ఇవ్వబోతే చేతులు జోడించింది. ఆమె తెచ్చిన కొత్త నీళ్ళ పంపు అక్కడే ఉంది. చూద్దును కదా, మా ఆడవాళ్ళు అప్పటికే దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని చుట్టూ సుద్దముక్కతో ముగ్గు వేయబోతున్నారు. అల వచ్చి తుడిచేసింది. మళ్ళీ వేశారు. మళ్ళీ తుడిచేసింది. ఇనప పడవల మీద ముగ్గు నిలవదు. మా తరం ఆడవాళ్ళకు ఇదొక తీరని బెంగ. వాకిలి లేదు, పేడ నీళ్ళు లేవు, గుమ్మం ముందు నాలుగు గీతలు నిలిచే చోటు లేదు.

నాలుగు గీతలు!

నా పుస్తకంలో ఒక గుర్తు గురించి రాయడం మిగిలిపోయింది. రెండు నిలువు గీతలు, రెండు అడ్డు గీతలు. ఇదిగో, ఇలా ఉంటుంది: #. లైనుకు ముందు దాన్ని పెడితే, ఆ లైనును మిషను చదవదు. లేనట్టే దాటిపోతుంది. మనుషుల కోసం రాసుకునే మాటలకు పెట్టిన గుర్తు అది.

నస్రీన్‌ చెవిలో చెప్పాను.

“పుస్తకంలో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాయాలండీ. అబద్ధం ఒక్కటున్నా నేను సంతకం పెట్టను.”

“పుస్తకంలో నిజమే రాస్తాను తల్లీ. మా లంకలో నిజాన్ని దాచడానికి పుస్తకాన్ని మించిన చోటు లేదు.”

అలసట మరిచిపోయి నవ్వింది.


కూర్పు 15
మార్చినది: వరహాలమ్మ
కారణం: ముగ్గుల పండగ

పదహారో పేజీలో గుర్తు గురించి నిజం మొత్తం రాశాను, పెద్ద అక్షరాలతో, కింద గీత కూడా గీసి. తరువాత బిందె పట్టుకుని కుళాయి వరసలో నిలబడ్డాను.

“ఏటే వరహాలూ, మొహం వెలిగిపోతంది?” అంది మా వదిన.

“ఏం లేదులే వదినా. లంక ఎందుకు తిరుగుతుందో తెలిసింది. దిష్టి.”

వరసంతా నా వైపు తిరిగింది. లంక ఎలాగూ తిరుగుతూనే ఉంది.

“గుమ్మానికి తూర్పు పెట్టుకున్నారు సరే, ముగ్గెక్కడ? ముగ్గు లేని గుమ్మం చూసి సముద్రం దిష్టి పెడుతుంది. ఫైల్లో ముగ్గు గుర్తు పెట్టే ఉంచారు మన తాతలు. తూర్పు లైనుకి ముందు పెట్టాలి. అల తుడవదు, వాన తుడవదు. పాతరలో శాశ్వతంగా పడి ఉంటుంది.”

మా వదిన ఒప్పుకుంటే లంక ఒప్పుకుంటుంది. ఆవిడ ‘చాల్లేవే’ అందా, నేను ఉత్తరానికి, ఆవిడ దక్షిణానికి.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“నీ బతుక్కి ఎప్పుడైనా ముగ్గేశావటే? చుక్క పెట్టమంటే గీత గీసే మొహం. నువ్వు చెబితే నేనెయ్యాలా?”

అయిపోయిందనుకున్నాను.

“అయినా ముగ్గు ముగ్గే,” అంది బిందె కింద పెట్టి. “చెప్పింది ఎవరైతేనేం. పదండర్రా, ముందు నేను పెడతాను, ఎలా పెట్టాలో చూసి మీరూ పెట్టుకోండి.”

ఇక చూడాలి సందడి! ఎవరూ ఒక్క ముగ్గుతో ఊరుకోలేదు, లైనంతా ముగ్గులే. ఒకావిడ పండగ ముగ్గని చెప్పి పేజీ నింపేసింది, ఆ ఇంటి దీపాలు కూడా ఆరిపోయాయి, మళ్ళీ పాతర తవ్వి వెలిగించాం. ప్రెసిడెంటు గారి భార్య తన ముగ్గు అందరి కన్నా ముందు పెట్టానని మా వదినతో గొడవ పడితే, పాతరలో కూర్పులు చూసి తేల్చాల్సి వచ్చింది. మా వదినే ముందు.

ముగ్గు పడిన ప్రతి ఇంటి మోటారూ ఆగిపోయింది. ఇటొకటి, అటొకటి. చప్పుడు సన్నబడింది. ఆఖరికి బాతుల గూటికి నేనే ముగ్గు పెట్టాను. బాతులు ఇంకో చుట్టు ఈది, ఎవరూ రావడం లేదని గమనించి, కొంచెం సిగ్గుపడి ఆగాయి.


కూర్పు 18
మార్చినది: వరహాలమ్మ
కారణం: పున్నమి వచ్చింది, వెళ్ళింది

బోర్డు పడవ మా లంకను మెల్లగా వెనక్కి తిప్పి, గొట్టం మెలిక విప్పి, మునుపు ఎక్కడున్నామో అక్కడే నిలబెట్టింది. ప్రెసిడెంటు గారి గుమ్మం ఎప్పటిలాగే దక్షిణం చూస్తోంది. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఊపిరి నిండా పీల్చుకుంది.

“తూర్పు గాలి తూర్పు గాలేనండీ.”

ప్రెసిడెంటు గారు సూర్యుడి వైపూ, గుమ్మం వైపూ, నా వైపూ చూశారు. “ఫైల్లో తూర్పనే ఉంది కదా వరహాలమ్మా?”

“ఉందండీ. ముగ్గుతో సహా.”

“అయితే తూర్పే,” అని లోపలికి పోయారు. ఆ మనిషికి తెలివి లేదని ఇక అనను.

నస్రీన్ నా పుస్తకం ముందేసుకుని ప్రతి నియమాన్నీ తన మిషను మీద రాసి చూసింది. రెండు తప్పులు పట్టింది, దిద్దాను. ‘మంగతాయారు మాట వినకపోయినా మిషను నడుస్తుంది’ అనే వాక్యం దగ్గర ఆగింది.

“ఇది సాంకేతిక విషయమాండీ?”

“పరీక్ష చేసి చూసుకోండి.”

కొట్టెయ్యలేదు. సంతకం పెట్టింది. గొలుసులు విప్పమనే ఆర్డరు చింపి బాతులకు వేసింది. అవి తినలేదు.


కూర్పు 19
మార్చినది: వరహాలమ్మ
కారణం: వదిన ఆజ్ఞ

చేపలు తిరగేస్తుంటే మా వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

“పదహారో పేజీ బాగా రాశావే. ముగ్గు పెట్టిన లైనుని మిషను చదవదు, లేనట్టే దాటిపోద్ది. కింద గీత కూడానూ.”

నా చేతిలోంచి చేప జారిపోయింది. “చదివావా!”

“మొత్తం చదివాను. నువ్వు రాశావంటే తప్పులుంటాయి కదా, ఏరుదామని.”

“మరి కుళాయి కాడ తెలీనట్టు నిలబడ్డావు?”

“తెలుసని చెబితే ఎవరు పెడతారే ముగ్గు? తూర్పు పోద్దని తెలిస్తే నేనే పెట్టనని వాళ్ళకి తెలుసు.”

“మరి పెట్టావు కదా?”

ఆవిడ పందిరి కింద కూలబడి, మోకాళ్ళు రుద్దుకుంది. పడమర ఎండ సూటిగా ఆవిడ మొహం మీద పడుతోంది.

“పుస్తకంలో తప్పేం దొరకలేదు,” అంది. “ఈ రోజువారీ రాతలో మాత్రం ఒక పచ్చి అబద్ధం ఉంది. దిద్దు.”

“అది పాతరలో పడిపోయింది వదినా. కొత్తది రాసినా పాతది అడుగున ఉంటుంది.”

“ఉంటే ఉండనీ. దాని మీద నిజం రాయి. నా పరువు ముఖ్యం.”

“లంకంతా చదువుతుంది.”

“లంకెప్పుడు చదివిందే? అంత సిగ్గైతే ముందు ముగ్గేసి రాయి. మిషను కూడా చదవదు.”

# నస్రీన్ ఇళ్ళ పంపకం చదివినప్పుడు మా వదిన ఏడవలేదు. ఆ ముక్క మొత్తం నా కల్పన. “అబ్బ, ఇన్నాళ్ళకి ఈ చేపల కంపు ఒదిలిద్ది” అంది, అంతే.
# పందిరి వెనక కూర్చుని ఏడ్చింది నేను. ఆ వారం నెత్తళ్ళలో ఉప్పెక్కువైందని తిట్టినవారందరూ నన్ను క్షమించవలెను.